అద్దం మీద చిన్న చిన్న స్టార్‌ఫిష్‌లు: ఏం జాతి, ఉంచాల్నా తీసెయ్యాల్నా?

ఉదయసముద్రం_36 (నల్లగొండ):

అందరికీ నమస్తే. మా రీఫ్ ట్యాంకుల (ఉప్పు నీళ్లల్ల కోరల్స్, చేపలు పెంచే తొట్టి) రాయితోని వచ్చిన చిన్న స్టార్‌ఫిష్‌లు ఏం జాతియో గుర్తువట్టెటోళ్లు జర చెప్పండి.

ట్యాంక్ 36 × 18 × 18 అంగుళాలు. అద్దం లెక్కన 190 లీటర్లు, రాయి, ఇసుక పోను నీళ్లు 150 దాకా. పెట్టి 5 నెలలు. రాయి 16 కిలోలు, సగం డ్రై రాక్, సగం నడుస్తున్న ట్యాంకుల నుంచి తీసుకున్నది. 2 క్లౌన్ ఫిష్‌లు, 1 రాయల్ గ్రమ్మా. జోవాలు (గుంపుగ పెరిగే చిన్న పువ్వులసొంటి జీవులు, ఒక్కో పువ్వును పాలిప్ అంటరు) 4 కాలనీలు, మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్. రాతి కోరల్స్ ఏం లేవు. సాలినిటీ (నీళ్ల ఉప్పదనం) 1.025, వేడి 27 డిగ్రీలు, నైట్రేట్ 25, ఫాస్ఫేట్ 0.2. నీళ్లు ఇంట్ల తాగే ఆర్‌ఓ మెషిన్‌వే.

మూడు రకాలు కనవడుతున్నయి. ఒకటి, అద్దం మీద, రాయి మీద అతుక్కొని ఉన్నయి. తెలుపు కలిసిన బూడిద రంగు, కంది బద్ద అంత. కొన్నిటికి 5 కాళ్లు, కొన్నిటికి 6, ఇంకొన్నిటికి ఒక పక్క 3 పెద్దయి, ఇంకో పక్క మొలకల లెక్క చిన్నయి. రెండోది, రాయి బొక్కలల్ల నుంచి దారం అసొంటి కాళ్లు బయట పెట్టి ఊపుతయి. పట్టీ పట్టీగ మచ్చలున్నయి. ఫిల్టర్ సాక్ (నీళ్లు వడకట్టే సంచి) కడిగితే ఇవే రాలుతున్నయి. మూడోది, అద్దం మీద 2 మిల్లీమీటర్లది, నీళ్ల చుక్క లెక్క ఆర్‌పార్ కనవడుతది, చుట్టూ చిన్న చిన్న పోగులు. ఈ మూడో రకంవి ఇప్పటిదాకా రెండే చూసిన.

రాయి మీది గులాబి కోరలైన్‌ల (రాయికి పట్టే గట్టి సున్నపు నాచు) అక్కడక్కడ తెల్లటి గుండ్రటి మచ్చలు పడ్డయి. ఒక జోవా కాలనీ నాలుగు రోజుల నుంచి విచ్చుకుంటలేదు, దాని మీద మొదటి రకంవి రెండు కూసున్నయి. జోవాలను ఇవే తింటున్నయా? దుకాణంల అడిగితే కాపర్ మందు వెయ్యమన్నరు. ఇంకా వెయ్యలే.

పిల్లలమర్రి_రీఫ్ (మహబూబ్‌నగర్):

తమ్మీ, కాపర్ సీసా మూత తియ్యకు. 0.2 మిల్లీగ్రాముల కాపర్ లీటరు నీళ్లల్ల కలిసినా స్టార్‌ఫిష్‌లతోని పాటు నీ నత్తలు, జోవాలు, మష్రూమ్‌లు అన్నీ పోతయి. పైగా అది సున్నపు రాయికి, ఇసుకకు పట్టుకొని తర్వాత మెల్లమెల్లగ నీళ్లల్లకు వదులుతది. ఆ రాయి మళ్ల రీఫ్‌కు పనికిరాదు. కాపర్ చేపల కోసం వేరే ఉత్త ట్యాంకుల వాడే మందు.

ఇగ గుర్తువట్టుడు. నువ్వు కాళ్లు అంటున్నవి చేతులు. అసలు పాదాలు కింద ఉంటయి, జాతి తెలిసేది అక్కడ్నే. అద్దం మీదున్నదాన్ని బయట నుంచి చూస్తే దాని అడుగు భాగం నీకు ఎదురుగనే ఉంటది. బంగారం పనోళ్లు కన్నుకు పెట్టుకునే 10 రెట్ల భూతద్దం తెచ్చుకో. ట్యాంక్ లైట్ ఆపి, పక్క నుంచి సెల్‌ఫోన్ టార్చ్ ఏటవాలుగ కొట్టు. నడుమ నోరు, నోటి నుంచి ఒక్కో చేయి కొస దాకా తెరిచిన కాలువ, ఆ కాలువల రెండు వరుసల చిన్న చిన్న గొట్టాలు, ఒక్కోదాని కొసకు గుండీ అసొంటి పీల్చే పలక. ఇవన్నీ కనవడితే అది నికరమైన స్టార్‌ఫిష్. కాలువ మూసుకొని, గొట్టాలకు పీల్చే పలక లేకపోతే అది బ్రిటిల్ స్టార్.

నడక చూసినా తెలుస్తది. స్టార్‌ఫిష్ పాదాల మీద జారినట్టు పోతది, చేతులు ఊపదు. చూస్తూ కూసుంటే కదిలినట్టే అనిపించదు, ఓ అరగంట ఆగి చూస్తే జాగ మారి ఉంటది. బ్రిటిల్ స్టార్ చేతులతోనే ఈదుకుంట, గుంజుకుంట పోతది. రాయి తిప్పంగనే పాము పిల్ల లెక్క మెలికలు తిరిగి బొక్కలకు దూరుతది.

నీ మొదటి రకం ఆస్టరీనా. అలవాటు కొద్ది అందరం ఆ పేరే అంటం గని, ట్యాంకులల్ల రాళ్లతోని వచ్చేయి ఎక్కువగా అక్విలోనాస్ట్రా అనే దగ్గరి చుట్టపు జాతి. ఒక పక్క పెద్ద చేతులు, ఇంకో పక్క మొలకలు అన్నవు చూడు, అదే దీని పక్కా గుర్తు. ఇది నడుమ నుంచి రెండు ముక్కలైతది, ఒక్కో ముక్క మిగిలిన సగాన్ని మళ్ల పెంచుకుంటది. 3 పెద్దయి, 3 చిన్నయి ఉన్నది ఈ మధ్యనే చీలిందన్నట్టు. అందుకే చేతుల లెక్క 4 నుంచి 8 దాకా ఎంతైనా ఉండొచ్చు, దాన్ని పట్టుకొని జాతి చెప్పలేం. చేతుల నడుమ సందులు లోతుగ ఉండవు, అంచులు కరిగిన బిస్కెట్ లెక్క అంతా ఒకటే పలకగ ఉంటది. పెద్దదైనా చిటికెన వేలి గోరంత.

దీనితోని తికమక అయ్యేది లింకియా పిల్ల. లింకియా మల్టీఫోరా తన చేతినే తెంపేస్తది, ఆ తెగిన చేయి మొదట్ల నాలుగు మొలకలేసి కొత్త స్టార్‌ఫిష్ అయితది. తోకచుక్క ఆకారం, ఒకటే పొడుగు చేయి, కొసకు చిన్న పువ్వు. చేయి గుండ్రంగ పుల్ల లెక్క ఉంటది, పలక లెక్క ఉండదు. అట్లాంటిది కనవడితే తియ్యకు, ఏ కోరల్‌నూ ముట్టదు.

రెండో రకం చిన్న బ్రిటిల్ స్టార్. నడుమ బిళ్ల 3 నుంచి 5 మిల్లీమీటర్లు, చేతులు దానికి నాలుగైదు రెట్లు. 5 చేతులుండి బిళ్ల బూడిద రంగుదైతే అంఫిఫోలిస్ స్క్వామాటా కావచ్చు. అది పిల్లలను కడుపుల పెట్టుకొని, చేతులతోని సహా తయారైనంకనే బయటికి వదులుతది, అందుకే సంప్‌ల (ఫిల్టర్ సామాను పెట్టే వేరే తొట్టి), సాక్‌ల అన్ని సైజులయి ఒక్కతాన దొరుకుతయి. 6 చేతులు, పట్టీ పట్టీ మచ్చలు ఉంటే ఓఫియాక్టిస్ వైపు చూడాలె, అది స్పంజిలల్ల ఉంటది, ఆస్టరీనా లెక్కనే చీలి పెరుగుతది. నువ్వు పట్టీలు అంటున్నవు గనుక సాక్‌ల పడ్డదాన్ని తెల్ల గిన్నెల వేసి చేతులు లెక్కపెట్టు. బ్రిటిల్ స్టార్‌లకు చేతుల లెక్క పనికొస్తది. ఏదైనా సరే, రెండూ మిగిలిపోయిన మేత, చెత్త తిని బతికేటివే. రాయి సందులల్లకు నీ చేయి పోదు, అయి పోతయి. ఒక్కటి కూడ తియ్యకు.

చేపలను పట్టి తినేది ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్, ఓఫియరాక్నా ఇన్‌క్రసాటా. అది అరచేతికన్న పెద్దగైతది, దాన్ని కొనుక్కొస్తేనే వస్తది. రాయి బొక్కల దారాలు చూసి ఆ భయం పెట్టుకోకు.

మూడోది స్టార్‌ఫిష్ కానే కాదు, దాని మీద నాకు అనుమానం ఉన్నది. భూతద్దంతోని ఒక్కో పోగు కొసను చూసి చెప్పు. పోగు రెండుగ చీలి, ఒక కొమ్మ అద్దానికి అతుక్కొని, ఇంకో కొమ్మ పైకి లేచి కొసకు చిన్న గుండు ఉన్నదా?

ఉదయసముద్రం_36 (నల్లగొండ):

చూసిన అన్నా. మొదటి రకానికి కాలువలు, రెండు వరుసల గొట్టాలు మంచిగ కనవడ్డయి. రాత్రి అద్దం మీద లెక్కపెడితే 43, కనవడే రాళ్ల మీద ఇంకో 20 దాకా. సాక్‌ల పడ్డవాటికి 6 చేతులే ఉన్నయి. మూడోదానికి మీరు అన్నట్టే ప్రతి పోగు రెండుగ చీలి ఉన్నది. పై కొమ్మకు తెల్లటి చుక్క. కింది కొమ్మల మీద సాలె పురుగు నడిచినట్టు నడుస్తున్నది.

పిల్లలమర్రి_రీఫ్ (మహబూబ్‌నగర్):

స్టారోక్లాడియా. పాకే జెల్లీఫిష్ అనుకో. కింది కొమ్మ అతుక్కునుటానికి, పై కొమ్మ కుట్టుటానికి. మనకు తెలియదు గని చిన్న చిన్న కోపెపాడ్‌లను (రొయ్య చుట్టాలైన సన్నటి పురుగులను) కుట్టి తింటది. ఇది కూడా చీలి, మొగ్గలేసి పెరుగుతది, కొత్త ట్యాంకుల వారం పది రోజులల్ల అద్దమంతా నిండిన సందర్భాలు ఉంటయి. బ్లేడుతోని గీకితే కొట్టుకపోయి ఇంకో తాన అంటుకుంటది. 4 మిల్లీమీటర్ల ఎయిర్ పైపు కొసను దాని మీదనే ఆనిచ్చి బకెట్‌లకు సైఫన్ గుంజు. రెండే ఉన్నప్పుడు ఇది రెండు నిమిషాల పని. తర్వాత రెండు వారాలు పొద్దున లైట్ వేయకముందు టార్చ్ కొట్టి అద్దం చూస్తుండు.

6 చేతులంటే ఓఫియాక్టిస్ అనుకో. ఉండనియ్.

వాడపల్లి_సంగమం (మిర్యాలగూడ):

గుర్తించడం అన్న చెప్పారు. నేను 63 అనే అంకె దగ్గర ఆగుతాను. 5 నెలల ట్యాంకులో ఆస్టరీనాలు 60 దాటాయంటే వాటికి అంత మేత దొరుకుతోందని అర్థం. ఆ మేత అద్దం మీది గోధుమ రంగు పొర, అంటే డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, దాని కిందుండే మెత్తటి నాచు. మీరు రోజూ 20 ఏరి పడేసినా పొర అలాగే ఉంటే మిగిలినవి చీలి మళ్ళీ అంతే అవుతాయి. అందుకే నీళ్ళ దగ్గర నుంచి రావాలి.

మన నల్లగొండ నేల గ్రానైటు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, దానితో పాటే రాయి నుంచి కరిగిన సిలికా కూడా ఉంటుంది. డయాటమ్స్ తమ గుల్లలు కట్టుకునేది సిలికాతోనే. ఫ్లోరైడ్‌కు రీఫ్ ట్యాంకులో అంత భయపడనక్కరలేదు, సముద్రపు నీళ్ళలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మనకు పొర పెంచేది సిలికా, నైట్రేట్, ఫాస్ఫేట్.

తాగే ఆర్‌ఓ మెషిన్‌లో ఇంకో చిక్కు ఉంది. నీళ్ళకు రుచి కోసం టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అని ఒక చిన్న స్క్రూ వాల్వ్ పెడతారు, అది వడకట్టని నీళ్ళను కొంత తిరిగి కలుపుతుంది. కొన్నిట్లో చివర మినరల్ కాట్రిడ్జ్ కూడా ఉంటుంది. 200 రూపాయల టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, 50 నుంచి 150 మధ్య చూపిస్తే కారణం ఇదే. చేయాల్సింది: మెంబ్రేన్ నుంచి బయటికొచ్చే సన్న పైపుకు, అంటే కంట్రోలర్, మినరల్ కాట్రిడ్జ్ రెండిటికీ ముందే, ఒక టీ జాయింట్ వేసి ట్యాంకుకు వేరే లైను తీయండి. దాని మీద డీఐ రెసిన్ కాట్రిడ్జ్ (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసేది) పెట్టండి. మొదటి 5 నిమిషాల నీళ్ళు పారబోసి, తర్వాత పట్టుకున్న నీళ్ళు మీటరులో 0 చూపాలి.

0 చూపినా సరిపోదు, ఇక్కడే చాలామంది మోసపోతారు. రెసిన్ అరిగిపోయేటప్పుడు అన్నిటికంటే ముందు జారిపోయేది సిలికా. అది నీళ్ళలో కరెంటు మోయదు కాబట్టి టీడీఎస్ మీటరు దాన్ని పట్టదు. మీటరు 0 అంటుంది, అద్దం మాత్రం రెండు రోజులకే గోధుమ రంగు ఎక్కుతుంది. రంగు మారే రెసిన్ వాడి, పారదర్శకమైన గొట్టంలో మూడు వంతుల దాకా రంగు మారగానే మార్చేయండి, మీటరు 1 చూపేదాకా ఆగకండి. వీలైతే రెండు డీఐ గొట్టాలు వరుసగా పెట్టి, మొదటిది అయిపోగానే రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తది వెనక పెట్టుకోవడం మంచి పద్ధతి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి ఫ్లోరైడ్ తేర్చే నల్లగొండ పద్ధతి నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేశారు. తాగడానికి పనికొస్తుంది. కానీ అలా తేర్చిన నీళ్ళను నేరుగా ఉప్పు కలిపి ట్యాంకులో పోయవద్దు, పటిక నుంచి మిగిలే అల్యూమినియం లెదర్, మష్రూమ్‌లను ముడుచుకుపోయేలా చేస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, ఆర్‌ఓకు ముందు కార్బన్ బ్లాక్ 6 నెలలకొకసారి మార్చాలి, లేకపోతే మెంబ్రేన్ పాడైపోతుంది.

ఇక ఉన్న నీళ్ళకు. వారానికి 20 లీటర్లు మార్చండి. 20 లీటర్ల డీఐ నీళ్ళకు ఉప్పు సుమారు 720 నుంచి 760 గ్రాములు పడుతుంది, ప్యాకెట్టు మీద ఉన్న లెక్క చూసి, చిన్న పంపుతో 24 గంటలు తిప్పి, ట్యాంకు వేడికి తెచ్చి పోయండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోండి, ఉత్త నీళ్ళతో 0కు సరిచేస్తే పై అంకె దగ్గర తేడా రావచ్చు. ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన చిన్న రొయ్యల మేత) పెడుతుంటే టీ వడపోతలో వేసి కడిగి పెట్టండి, ఆ కరిగిన నీళ్ళే ఫాస్ఫేట్. మూడు చేపలకు రెండు నిమిషాల్లో అయిపోయేంత చాలు. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పట్టే ఇనుప ఆక్సైడ్ గుళికలు) వాడితే ఫాస్ఫేట్‌తో పాటు సిలికాను కూడా పట్టుకుంటుంది. డబ్బా మీద చెప్పిన దాంట్లో సగంతో మొదలుపెట్టండి. ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1, నైట్రేట్ 5 నుంచి 10 దగ్గర ఆగాలి. 0కు దించితే డైనోఫ్లాజెల్లేట్లు (జిగట పొరలా పరుచుకునే సూక్ష్మజీవులు) రావచ్చు, వాటికంటే ఆస్టరీనాలు వెయ్యి రెట్లు నయం.

దేవరకొండ_నానో (దేవరకొండ):

నీళ్లు సరిచేసుడు కరెక్టే, అయితే రెండు నెలలు పడుతది. అప్పటిదాకా జోవా పరిస్థితి ఏంది? నా లెక్క ప్రకారం ఆస్టరీనా ఒక్కటి కూడా ఉంచొద్దు. జోవాలు తినేటియి ఉన్నయి, కోరలైన్ తినేటియి ఉన్నయి. తెల్లటి గుండ్రటి మచ్చలు దాని పనే. అది కడుపును నోట్లకెళ్లి బయటికి తీసి, రాయి మీద పరిచి, అక్కడ్నే అరిగించుకుంటది. అందుకే మచ్చ సరిగ్గ దాని ఒంటి సైజులనే పడుతది. నత్తలు, కైటన్‌లు (రాయికి అతుక్కునే పలకల గుల్ల జీవులు) గీకితే మచ్చ సన్నగ, గీతలు గీతలుగ ఉంటది.

సైఫన్ పైపు పట్టుకొని రోజూ రాత్రి లైట్లు ఆపిన రెండు గంటలకు కూసుంటే వారంల అద్దం మీద ఒక్కటి ఉండదు. పాత ఏటీఎం కార్డు అంచు దాని కిందికి పోనిస్తే ఊడొస్తది. బ్లేడు వాడొద్దు, తెగిన ముక్కకు నడుమ బిళ్ల కొంచెం ఉన్నా రెండైతయి.

పిల్లలమర్రి_రీఫ్ (మహబూబ్‌నగర్):

నానో తమ్మీ, మచ్చల గురించి నువ్వు చెప్పింది నిజం, తీసే పద్ధతి కూడా సరైనదే. అన్నీ తినేటియే అనుడు మాత్రం నేను ఒప్పుకోను. బూడిద రంగువి ఎక్కువ శాతం పొర తినేటియే. జోవా మీద కూసున్నది జోవాను చంపిందో, ఇదివరకే చస్తున్న జోవా మీది జిగురు తినుటానికి వచ్చిందో ఒక్క చూపుతోని తెలియదు. తప్పు దొంగను పట్టుకుంటే అసలు దొంగ కాలనీ అంతా తినేస్తడు.

కాబట్టి పరీక్ష పెట్టాలె. చేప పిల్లల కోసం అద్దానికి తగిలించే బ్రీడింగ్ బాక్స్‌లు రెండు తీసుకో. ఒక్కోదాంట్ల అదే కాలనీ నుంచి మంచిగ విచ్చుకున్న 4 జోవా పాలిప్‌లు. ఒకదాంట్ల 6 ఆస్టరీనాలు వెయ్యి, ఇంకోదాంట్ల ఏం వెయ్యకు. రెండిటికీ ఒకే లైటు, ఒకే ప్రవాహం. 5 రోజులు రోజూ ఒకటే సమయానికి ఫోటో తియ్యి. స్టార్‌ఫిష్ ఉన్నదాంట్లనే పాలిప్‌లు కరిగితే నీ దగ్గరున్నయి జోవాలు తినే రకం, అన్నీ తీసెయ్. రెండూ మంచిగనే ఉంటే వాటిని వదిలెయ్, కారణం వేరే తాన ఉన్నది.

వేరే తాన అంటే ముందు రాత్రి పూట టార్చ్‌తోని కాలనీ మొదట్ల చూడు. జోవా రంగులనే, జోవా పాలిప్ అంచు అసొంటి పీచులతోని ఉండే న్యూడిబ్రాంచ్ (గుల్ల లేని సముద్రపు నత్త) ఉండొచ్చు. అది తిన్న జోవా రంగునే ఎక్కించుకుంటది, పక్కకు జరిగేదాకా పాలిప్ అనే అనుకుంటం. పాలిప్ కాడల నడుమ తెల్లటి చుట్ట గుడ్లు ఉంటే అది ఉన్నట్టే. ఇంకోటి సన్‌డయల్ నత్త, బిళ్ల లెక్క చదునుగ, నలుపు తెలుపు గళ్లుంటయి, పగలు కాలనీ అడుగున దాక్కుంటది. ఇంకోటి సాలె పురుగు అసొంటి పిక్నోగోనిడ్, గోధుమ రంగు, పాలిప్ లోపల కూసుంటది. న్యూడిబ్రాంచ్‌కు, పిక్నోగోనిడ్‌కు అయోడిన్ డిప్ (అయోడిన్ కలిపిన నీళ్లల్ల కాసేపు ముంచుడు) పనిచేయొచ్చు, సన్‌డయల్ నత్తను మాత్రం చేతితోనే ఏరాలె. గుడ్లకు పనిచెయ్యదు. అందుకే గుడ్లను పాత టూత్‌బ్రష్‌తోని ట్యాంక్ బయట గీకి, 7 రోజులకు మళ్ల డిప్ చెయ్యాలె.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్తున్న. జోవాలను, పాలిథోవాలను ముట్టేటప్పుడు చేతికి గ్లౌజులు, కండ్లకు అద్దాలు పెట్టుకో. వాటిల పాలిటాక్సిన్ అనే విషం ఉంటది. చేతి మీద కోసుకున్న గాటు నుంచి, కంట్ల పడ్డ చుక్క నుంచి కూడా ఎక్కుతది. పురుగులు పోతయని జోవాలున్న రాయిని వేడి నీళ్లల్ల ఉడకబెట్టుడు, ఆవిరి పట్టుడు మాత్రం ఎన్నడూ చెయ్యొద్దు, ఆవిరితోని ఇల్లంతా దవాఖానల పడేంత ప్రమాదం.

ఎవలన్న హార్లెక్విన్ రొయ్యను తెమ్మని చెప్తరు. అది స్టార్‌ఫిష్‌లను తప్ప వేరేది తినదు, 60 ఆస్టరీనాలను చానా తొందరగ ఖతం చేస్తది. ఆ తర్వాత దానికి మేత లేక ఆకలికి చస్తది. బతకాలంటే చాక్లెట్ చిప్ స్టార్‌ఫిష్ చేయి ఒకటి వారం పది రోజులకు ఒకసారి కోసి పెట్టుకుంట పోవాలె. దాన్ని బతికినన్ని దినాలు పోషిస్తం అన్నోళ్లే తేవాలె. 63కు ఎయిర్ పైపు సరిపోతది.

ఉదయసముద్రం_36 (నల్లగొండ):

చానా మంచిగ చెప్పిండ్రు అన్నలు. స్టారోక్లాడియాలు రెండూ గుంజేసిన. టీడీఎస్ మీటరు పెడితే ఇంటి ఆర్‌ఓ నీళ్లు 84 చూపించినయి. టీ జాయింట్, డీఐ గొట్టం పెట్టిస్తున్న. పరీక్ష బాక్స్‌లు రేపు తగిలిస్త. రెండు అనుమానాలు. గుంజిన ఆస్టరీనాలను ఎట్ల పడెయ్యాలె? ఇంకా 6 కిలోల రాయి కావాలె, రామేశ్వరం దిక్కు నుంచి సముద్రంల తీసిన అసలు రాయి తెప్పిస్త అని ఒకాయన అంటున్నడు, తీసుకోవచ్చునా?

వాడపల్లి_సంగమం (మిర్యాలగూడ):

రాయి వద్దు. రీఫ్ కట్టే రాతి కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే. చచ్చిన కోరల్ అస్థిపంజరమైనా అంతే. మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానం అక్కడే ఉంది. దొరికితే కొన్నవారి మీద కూడా కేసు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ రాయితో ఏ పీత, ఏ మాంటిస్ రొయ్య వస్తుందో ఎవరూ చెప్పలేరు. డ్రై రాక్ 6 కిలోలు తీసుకుని, బ్లీచింగ్ చేసి ఎండబెట్టినదైతే రెండు రోజులు డీఐ నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళలో ఫాస్ఫేట్ చూసి, ఎక్కువ ఉంటే నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టండి. తర్వాత మీ సంప్‌లో నెల రోజులు ఉంచితే మీ ఓఫియాక్టిస్‌లే అందులోకి ఎక్కుతాయి.

దేవరకొండ_నానో (దేవరకొండ):

పరీక్ష తర్వాతనే తియ్యుడు అనే మాట నేను కూడా ఒప్పుకుంటున్న. గుంజినయి ఉన్న బకెట్‌ల ఉత్త నల్లా నీళ్లు పొయ్యి, 15 నిమిషాలల్ల అన్నీ పోతయి. ఇవి ఉప్పులో కొంచెం మార్పును కూడా ఓర్చుకోవు. ఇంకో సంగతి గుర్తుంచుకో, మే నెలల మన దగ్గర 44 దాటుతది, ఫ్యాన్ వేస్తే ట్యాంకు వేడి 2, 3 డిగ్రీలు తగ్గుతది గని రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు ఆవిరైతయి. ఉప్పు అట్లనే ఉండిపోయి సాలినిటీ ఎక్కుతది. పైన ఉత్త డీఐ నీళ్లే నింపాలె, ఉప్పు నీళ్లు పోస్తే సాలినిటీ ఇంకా ఎక్కుతది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొంచెం కొంచెం నింపు, లేకుంటే ఫ్లోట్ వాల్వ్ పెట్టు. ఒకేసారి గుమ్మరిస్తే సాలినిటీ ఒక్కసారిగ మారుతది, రాయి లోపలి బ్రిటిల్ స్టార్‌లకు అది మంచిది కాదు.

ఉదయసముద్రం_36 (నల్లగొండ):

సరే అన్నా. సాక్ కడిగినప్పుడు ఓఫియాక్టిస్‌లు నల్లా కింద పోతున్నయి గదా, వాటిని ఎట్ల కాపాడాలె?

పిల్లలమర్రి_రీఫ్ (మహబూబ్‌నగర్):

నీళ్లు మార్చే రోజే సాక్ కడుగు. తీసిన పాత ట్యాంక్ నీళ్లు ఒక వెడల్పాటి తెల్ల టబ్‌ల 5 లీటర్లు పొయ్యి, సాక్‌ను లోపలిది బయటికి తిప్పి, ఆ నీళ్లల్ల మెల్లగ అటు ఇటు ఊపు. గట్టిగ పిండకు, చేతులు తెగుతయి, తెగినా మళ్ల వస్తయి గని బిళ్ల నలిగితే బతకదు. 5 నిమిషాలు టబ్ కదలకుండ ఉంచు. చెత్త అడుక్కు దిగుతది, బ్రిటిల్ స్టార్‌లు వెలుతురు నుంచి తప్పించుకొని టబ్ మూలలకు, గోడలకు చేరుతయి. వెడల్పు మూతి ఫిల్లర్‌తోని, లేకుంటే మందు తాపే సిరంజి కొసను కోసి, దాంతోని ఒక్కోటి పీల్చి సంప్‌ల రాయి పక్కన వదులు, చేతులు ముందు పెట్టుకుంట అవే సందులకు పోతయి. సాక్‌ను ఆ తర్వాత నల్లా కింద ఎంత గట్టిగ కడిగినా ఫరవాలేదు, పూర్తిగ ఎండినంకనే మళ్ల పెట్టు.